జూన్ 21 అతి పొడవైన పగలైతే, ఆ రోజు సూర్యుడు ఆలస్యంగా ఎందుకు లేస్తున్నాడు?

ఉదయపునడక | 2025 జూన్ 14, ఉదయం 7:05

నాకు తెల్లవారుజామున నడిచే అలవాటు. ఏడాదిగా ఒక నోట్‌బుక్కులో రోజూ సూర్యోదయం టైమ్ రాసుకుంటున్నాను (ఫోన్ చెప్పేదే, నేను కనిపెట్టిందేమీ కాదు). నిన్న రాత్రి మా అమ్మాయి ఆ పుస్తకం తిరగేస్తూ ఒక విషయం పట్టుకుంది. మే అంతా సూర్యోదయం ముందుకు జరుగుతూ వచ్చి, జూన్ మొదటి వారంలో ఆగిపోయింది. ఇప్పుడు మెల్లగా వెనక్కి పోతోంది. 21వ తేదీకి ఫోన్‌లో ముందే చూస్తే, జూన్ 1 కంటే రెండు నిమిషాలు ఆలస్యం.

"21నే కదా అన్నిటికంటే పొడవైన పగలు? మరి ఆ రోజు సూర్యుడు అన్నిటికంటే ముందు లేవాలి కదా?" అని అడిగింది. నేను ఏదో నసిగి పడుకోమన్నాను. పొద్దున్నుంచి అదే బుర్రలో తిరుగుతోంది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. పొడవైన పగలు జూన్‌లో ఉంటే, మాడిపోయే ఎండలు మేలోనే ఎందుకు? తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి. దానికి పన్నెండేళ్లు, నాకు లెక్కలంటే టెన్షన్.

---

మబ్బుచాటు | జూన్ 14, ఉదయం 8:31

సింపుల్ అండీ. జూన్‌లో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది. అందుకే పగలు ఎక్కువ, వేడి ఎక్కువ. డిసెంబర్‌లో దూరంగా పోతుంది. చిన్నప్పుడు చదువుకున్నదే.

---

లెక్కలపంతులు | జూన్ 14, ఉదయం 9:50

మబ్బుచాటు గారూ, మీరన్నది సరిగ్గా తలకిందులు. జులై మొదటి వారంలో భూమి సూర్యుడికి అత్యంత దూరంగా ఉంటుంది, సుమారు 15.21 కోట్ల కిలోమీటర్లు. దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, 14.71 కోట్ల కిలోమీటర్లకి. యాభై లక్షల కిలోమీటర్ల తేడా వినడానికి పెద్దదే గానీ, మొత్తం దూరంలో మూడు శాతం చిల్లర. పైగా దూరమే కారణమైతే భూగోళం మొత్తానికీ ఒకేసారి వేసవి రావాలి. ఉత్తరాన వేసవి అయినప్పుడు దక్షిణాన చలికాలం ఎందుకొస్తుంది?

కారణం భూమి అక్షం వంపు. ఆ వంపు ఇప్పుడు 23.4 డిగ్రీల చిల్లర. అమ్మాయికి చెప్పాలంటే గది మధ్యలో స్టూలు మీద ఒక దీపం పెట్టండి. ఆమెను దాని చుట్టూ నడవమనండి. షరతు ఒక్కటే: నడుస్తున్నంతసేపూ తల ఉత్తరపు గోడ వైపే వాలి ఉండాలి. దీపం వైపు కాదు, గోడ వైపు. దీపానికి దక్షిణాన ఉన్నప్పుడు తల తనంతట తానే దీపం వైపు వంగినట్టవుతుంది. అది జూన్. ఉత్తరాన ఉన్నప్పుడు దీపానికి దూరంగా వాలినట్టవుతుంది. అది డిసెంబర్. తూర్పునా పడమరా ఉన్నప్పుడు వాలు పక్కకి పడుతుంది, అవి మార్చి, సెప్టెంబర్ విషువత్తులు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు). తల వాలు ఎప్పుడూ మారలేదు, నిలబడ్డ చోటు మారిందంతే. చాలామంది పొరబడేది ఇక్కడే. భూమి ఏదో అటూ ఇటూ ఊగుతుందనుకుంటారు.

సూర్యోదయం సంగతి పెద్దది, సాయంత్రం రాస్తాను.

---

మబ్బుచాటు | జూన్ 14, ఉదయం 10:04

మా సైన్సు మాస్టారు ఈ ఫోరమ్‌లో లేకపోతే చాలు 🙏

---

లెక్కలపంతులు | జూన్ 14, రాత్రి 8:22

ఇక సూర్యోదయం. అమ్మాయి ప్రశ్న చాలా మంచిది. చాలామంది పెద్దవాళ్లు గమనించనిది.

మనం "పొడవైన పగలు" అన్నప్పుడు ముందు లేవడం, ఆలస్యంగా పడుకోవడం రెండూ ఒకే రోజు జరుగుతాయని ఊహించుకుంటాం. పగటికి ఒక నడిమి బిందువు ఉంటుంది: సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే పైకి వచ్చే క్షణం, అసలైన మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం గడియారంలో రోజూ ఒకే టైముకి రాదు. జూన్‌లో రోజుకి పది నుంచి పదమూడు సెకన్ల చొప్పున వెనక్కి జరుగుతూ ఉంటుంది.

మీ నోట్‌బుక్కు లెక్కే తీసుకుందాం. జూన్ 1 నుంచి 21 లోపు మీ దగ్గర పగలు నాలుగు నిమిషాలు పెరిగిందనుకోండి. పొద్దున రెండు, సాయంత్రం రెండు. కానీ ఈ ఇరవై రోజుల్లో మధ్యాహ్నమే నాలుగు నిమిషాలు వెనక్కి జరిగింది. కాబట్టి సూర్యోదయం రెండు ముందుకి, నాలుగు వెనక్కి: మొత్తం మీద రెండు నిమిషాలు ఆలస్యం. సూర్యాస్తమయం రెండు ప్లస్ నాలుగు: ఆరు నిమిషాలు ఆలస్యం. పగలు పెరిగింది, అయినా సూర్యుడు లేటుగా లేచాడు. రెండూ నిజమే.

మధ్యాహ్నం ఎందుకు జరుగుతుందంటే రెండు కారణాలు. భూమి దారి పూర్తి వృత్తం కాదు, జులైలో దూరంగా ఉన్నప్పుడు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అది రోజుని (ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా పట్టే కాలాన్ని) ఏడెనిమిది సెకన్లు తగ్గిస్తుంది. రెండోది మళ్లీ ఆ వంపే: అయనాంతం (పగలు అతి పొడవుగా గానీ అతి చిన్నగా గానీ ఉండే రోజు) దగ్గర అది రోజుకి ఇరవై సెకన్లు కలుపుతుంది. కూడికా తీసివేతా అయ్యాక పన్నెండు, పదమూడు సెకన్లు మిగులుతుంది.

భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఈ వింత బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పగటి పొడవు మారేది తక్కువ. 40 డిగ్రీల ఉత్తరాన అన్నిటికంటే ముందు వచ్చే సూర్యోదయం జూన్ 14 ప్రాంతంలో, ఆలస్యపు సూర్యాస్తమయం 27 ప్రాంతంలో. ఇంకా పైకి పోతే ఆ రెండూ 21కి దగ్గరవుతాయి.

---

ఉదయపునడక | జూన్ 14, రాత్రి 9:15

రెండు ముందుకి, నాలుగు వెనక్కి. ఇది నాకే అర్థమైందంటే ఎవరికైనా అవుతుంది. థాంక్స్ పంతులుగారూ.

---

చినుకుచప్పుడు | జూన్ 15, ఉదయం 6:40

వేడి సంగతి నేను చెప్తాను. ఇది బ్యాంకు ఖాతా లాంటిది. జీతం బాగా వచ్చిన నెలలోనే ఖాతాలో డబ్బు ఎక్కువ ఉండాలని లేదు. రాబడి ఖర్చు కంటే ఎక్కువ ఉన్నంతకాలం నిల్వ పెరుగుతూనే ఉంటుంది. జూన్ 21న రాబడి గరిష్ఠం. ఆ తర్వాత తగ్గుతున్నా, నేలా సముద్రమూ విడిచిపెట్టే వేడి కంటే ఇంకా ఎక్కువే వస్తుంటుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల జులైలో ఎండలు ముదురుతాయి, సముద్రపు నీళ్లయితే ఆగస్టు, సెప్టెంబర్ దాకా వేడెక్కుతూనే ఉంటాయి.

రుతుపవనాలు వచ్చే దేశాల్లో మాత్రం జూన్‌కల్లా మబ్బులు పందిరి వేసేస్తాయి. రాబడి రాకుండా గేటు వేసినట్టు. అందుకే అక్కడ మే నెలదే పైచేయి.

అయనాంతం రోజున, వాతావరణం పైఅంచున లెక్కేస్తే, 24 గంటల్లో భూమ్మీద అన్నిటికంటే ఎక్కువ సూర్యశక్తి పడేది ఉత్తర ధ్రువం మీద! సూర్యుడు అక్కడ 23 డిగ్రీల ఎత్తులోనే తిరుగుతాడు గానీ, అస్తమించడు కదా. అయినా మంచు ఎందుకు ఉంటుందంటే, తెల్లటి మంచు వచ్చిన వెలుగుని చాలామటుకు తిప్పి కొట్టేస్తుంది, మిగిలినది మంచు కరగడానికే సరిపోతుంది.

---

మబ్బుచాటు | జూన్ 15, ఉదయం 7:02

ఉత్తర ధ్రువం?? ఇది నేను ఆఫీసులో చెప్తే ఎవరూ నమ్మరు.

---

పంచాంగపుపుట | జూన్ 15, మధ్యాహ్నం 1:18

అందరూ జూన్ 21న దక్షిణాయనం మొదలని ఫార్వర్డ్‌లు పంపుతున్నారు. పంచాంగంలో జులై 16 అని స్పష్టంగా ఉంది. ఎవరు కరెక్టు? పంచాంగకర్తలకి ఆకాశం తెలియదా, లేక సైన్సువాళ్లకి శాస్త్రం తెలియదా?

---

లెక్కలపంతులు | జూన్ 15, మధ్యాహ్నం 2:40

కొట్లాట అక్కర్లేదండీ. రెండు కొలబద్దలున్నాయి. సూర్యుడు నిజంగా ఉత్తరపు కొస నుంచి తిరుగుముఖం పట్టే క్షణం నుంచి లెక్కపెడితే జూన్ 21. అది సాయన పద్ధతి. నక్షత్రాల నేపథ్యంలో సూర్యుడు కర్కాటక రాశిలో అడుగుపెట్టే రోజు నుంచి లెక్కపెడితే జులై 16. అది నిరయన పద్ధతి. ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజు పడేవి.

విడిపోవడానికి కారణం, భూమి అక్షం ఆగిపోబోయే బొంగరంలా నెమ్మదిగా చుట్టు తిరగడం. ఒక చుట్టుకి సుమారు 25,800 ఏళ్లు. దీనివల్ల అయనాంతం నక్షత్రాల మధ్య వెనక్కి జారుతూ ఉంటుంది, 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున. ఇప్పటికి 24 డిగ్రీల తేడా వచ్చింది. అదే ఈ 25 రోజుల ఎడం.

ఇది మనవాళ్లకి తెలియనిది కాదు. వేదాంగ జ్యోతిషం అనే ప్రాచీన గ్రంథంలో దక్షిణాయనం ఆశ్లేష నడుమ మొదలవుతుందని ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వం ఆశ్లేష సగం నుంచి మొదలైందని శాస్త్రాల్లో చెప్పారు, ఇప్పుడు కర్కాటకం మొదట్లో అవుతోంది అని రాశాడు. అనుమానం ఉంటే కళ్లతో చూసి సరిచూసుకోమన్న ధోరణి ఆయనది. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

---

పంచాంగపుపుట | జూన్ 15, మధ్యాహ్నం 3:05

అంటే పంచాంగం తప్పనే కదా చివరికి మీరనేది.

---

లెక్కలపంతులు | జూన్ 15, మధ్యాహ్నం 3:12

కాదండీ. కిలోలూ తప్పు కాదు, లీటర్లూ తప్పు కాదు. పాలు కిలోల్లో కొలిచి లీటర్లలో రాసుకుంటేనే తప్పు. నిజానికి ఆ పాత పేరు మోస్తున్నది మనమొక్కరమే కాదు. ప్రపంచమంతా 'కర్కట రేఖ' అనే అంటోంది. రెండు వేల ఏళ్ల కింద అయనాంతం నాడు సూర్యుడు కర్కాటక రాశిలో ఉండేవాడు కాబట్టి ఆ పేరు. ఇప్పటి ఖగోళశాస్త్రవేత్తలు గీసుకున్న సరిహద్దుల ప్రకారం జూన్ 21న సూర్యుడు ఉన్నది వృషభ తారామండలంలో. అయినా ఎవరూ 'వృషభ రేఖ' అనట్లేదు కదా.

---

నిర్వాహకులు | జూన్ 15, సాయంత్రం 6:00

చర్చ బాగుంది. పంచాంగం తప్పొప్పుల మీద వేరే చర్చ ఉంది, మిగతా వాదనలు అక్కడికి. రెండు వ్యాఖ్యలు తీసేశాం.

---

పాతరాళ్లు | జూన్ 17, రాత్రి 10:45

జూన్ 21 వస్తే స్టోన్‌హెంజ్ ఫోటోలు మొదలవుతాయి కాబట్టి ముందే ఒక మాట. ఇంగ్లండ్‌లోని ఆ రాళ్లవలయం నాలుగున్నర వేల ఏళ్ల నాటిది. అయనాంతం నాడు లోపల నిలబడి చూస్తే, బయట ఒంటరిగా ఉన్న హీల్ స్టోన్ అనే రాయి వైపు నుంచి సూర్యుడు పైకొస్తాడు. వేలమంది రాత్రంతా జాగారం చేసి అది చూస్తారు. ఈ జనాన్ని లోపలికి రానివ్వడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 1985లో అక్కడికి బయల్దేరిన యాత్రికుల బళ్లని పోలీసులు అడ్డగించి చితగ్గొట్టారు, వందల మందిని అరెస్టు చేశారు. మళ్లీ అందరికీ తలుపులు తెరిచింది 2000లో.

కానీ తిరకాసు ఉంది. వేసవి సూర్యోదయం వైపు గీత గీస్తే, అదే గీత వెనక వైపు చలికాలపు సూర్యాస్తమయాన్ని చూపిస్తుంది. కట్టినవాళ్లకి ఏది ముఖ్యం? దగ్గర్లోని డరింగ్టన్ వాల్స్ దగ్గర తవ్వకాల్లో పందుల ఎముకలు గుట్టలుగా దొరికాయి. పళ్లు చూస్తే చాలావాటిని తొమ్మిది నెలల వయసులో కోసినట్టుంది. వసంతంలో పుట్టిన పందికి తొమ్మిది నెలలంటే నడి చలికాలం. అంటే అసలు జాతర డిసెంబర్‌లో జరిగి ఉండొచ్చని చాలామంది పురావస్తు నిపుణుల మాట. నాకూ అదే నమ్మబుద్ధేస్తుంది. వెలుగు దండిగా ఉన్నప్పుడు కంటే, తగ్గిపోయి తిరిగి వస్తుందా లేదా అని భయపడేటప్పుడే కదా మనిషి దేవుణ్ణి పిలిచేది.

---

దక్షిణతీరం | జూన్ 18, ఉదయం 5:30

చలిలో వణుకుతూ రాస్తున్నాను. నేనుండేది ఆస్ట్రేలియా దక్షిణ కొసన. మీరందరూ జూన్ 21ని అతి పొడవైన పగలు అంటుంటే నవ్వొస్తోంది. మాకు జూన్ 21 అతి చిన్న పగలు. మా వేసవి అయనాంతం క్రిస్మస్ ముందు వస్తుంది. అందుకే జూన్ అయనాంతం అని నెల పేరు పెట్టి పిలవడమే మేలు. అందరికీ పనికొచ్చే పేరు అదే.

మా తాస్మానియాలోని హోబార్ట్‌లో ఈ సమయంలో జరిగే చలికాలపు పండగ చివర్న జనం తెల్లవారుజామున ఒంటి మీద నూలుపోగు లేకుండా నదిలోకి పరుగెత్తుతారు. అబద్ధం కాదు. నేను ఒడ్డున దుప్పటి కప్పుకుని చూసే బాపతు. అంటార్కిటికాలో పరిశోధన కేంద్రాల వాళ్లకైతే ఈ రోజు క్రిస్మస్ కంటే పెద్దది. వారాల తరబడి సూర్యుడు కనిపించని చోట, ఇక ఈ రోజు నుంచి చీకటి తరుగుముఖం అంటే మామూలు విషయమా? విందు చేసుకుంటారు, దేశదేశాల కేంద్రాలు ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకుంటారు.

పెరూలోని కుస్కోలో జూన్ 24న ఇంతీ రైమీ. ఇంకాల సూర్యదేవుడి పండగ. అదీ చలికాలపు పండగే, చాలామంది వేసవి పండగల జాబితాలో పెట్టేస్తుంటారు. స్పెయిన్ పాలకులు 16వ శతాబ్దంలో నిషేధించారు. 1944లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు సక్సాయ్‌వామాన్ కోట రాళ్ల మధ్య క్వెచువా భాషలో నాటకంలా ఆడతారు. పాతరాళ్లు గారి మాటకి ఇదే సాక్ష్యం.

---

నదీతీరం | జూన్ 18, రాత్రి 9:20

అయనాంతం 21న అయితే చాలా దేశాల్లో పండగ 23 రాత్రి, 24న ఎందుకు? నేను లాట్వియా వాళ్లతో పనిచేస్తాను. 23న ఆఫీసు మూత. రాత్రంతా మంటలు వేసి, ఓక్ ఆకుల దండలు తలకి చుట్టుకుని, సోంపు లాంటి గింజలు వేసిన జున్నూ బీరూ తీసుకుంటూ తెల్లారేదాకా పాడతారట. ఆ రాత్రి నిద్రపోతే ఏడాదంతా బద్ధకమేనట. ఫెర్న్ మొక్కకి ఆ ఒక్క రాత్రే పువ్వు పూస్తుందని జంటలు అడవిలోకి వెతకడానికి పోతాయట. ఫెర్న్‌కి పువ్వే పూయదని అందరికీ తెలుసు, అయినా వెతుకుతారు 😄

---

పాతరాళ్లు | జూన్ 18, రాత్రి 11:02

రోమన్లు అయనాంతాన్ని జూన్ 24గా, చలికాలపుదాన్ని డిసెంబర్ 25గా లెక్కపెట్టేవారు. తర్వాత క్రైస్తవం వచ్చాక, యేసు కంటే బాప్తిస్మమిచ్చే యోహాను ఆరు నెలలు పెద్ద అని లూకా సువార్త ప్రకారం లెక్క కట్టి, క్రిస్మస్‌కి ఆరు నెలల ముందు, అంటే జూన్ 24న ఆయన పుట్టినరోజు పెట్టారు. పాత మంటలకి కొత్త పేరు. యూరప్‌లో సగం దేశాల్లో ఈ పండగ పేర్లలో యోహాను దాక్కుని ఉంటాడు: లాట్వియాలో యాణి, ఎస్టోనియాలో యాన్, ఫిన్లండ్‌లో యుహన్నుస్, స్పెయిన్‌లో సాన్ హువాన్. పిరనీస్ కొండల్లో కాగడాలు పట్టుకుని రాత్రి కొండ దిగే పండగని 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

---

మబ్బుచాటు | జూన్ 19, ఉదయం 8:10

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో 1906 నుంచి ఈ సమయంలో రాత్రి పదింటికి బేస్‌బాల్ మ్యాచ్ మొదలుపెడతారు, ఫ్లడ్‌లైట్లు వేయకుండా. అక్కడ సూర్యాస్తమయం అర్ధరాత్రి దాటాకే. ఈసారి చెక్ చేసుకునే రాశాను పంతులుగారూ.

---

ఉత్తరపుగాలి | జూన్ 20, రాత్రి 11:50

స్టాక్‌హోమ్ నుంచి. రాత్రి పన్నెండు కావస్తోంది, లైటు వేయకుండా టైప్ చేస్తున్నాను. సూర్యుడు పదింటికి దిగాడు, మళ్లీ మూడున్నరకి లేస్తాడు. మధ్యలో ఉన్నది రాత్రి కాదు, నీలంగా ఉండే ఒక రకమైన సంధ్య.

ఇవాళ మిడ్‌సమ్మర్ (నడివేసవి పండగ) ముందురోజు. స్వీడన్‌లో అసలు పండగ ఈ ముందురోజే. ఒకప్పుడు జూన్ 23న ఉండేది. 1953 నుంచి 19కి 25కి మధ్య వచ్చే శుక్రవారానికి మార్చారు, లాంగ్ వీకెండ్ కోసం. నేను వచ్చిన కొత్తలో ఈ రోజు కూరగాయలు కొనడానికి బయటికెళ్లి, ఊరంతా ఖాళీగా ఉంటే ఏదైనా ప్రమాదం జరిగిందేమో అని హడలిపోయాను. అందరూ పల్లెలకి, దీవులకి వెళ్లిపోతారు.

ఈసారి తోటి ఉద్యోగి వాళ్ల ఊరికి పిలిచాడు. మధ్యాహ్నం ఆకులూ పూలూ చుట్టిన పొడవాటి స్తంభం పదిమంది కలిసి ఎత్తి నిలబెట్టారు. తర్వాత దాని చుట్టూ చేతులు పట్టుకుని పాటలు. ఒక పాటకి అందరూ కప్పల్లా గెంతాలి. బ్యాంకు మేనేజర్లు, తాతలు, పసిపిల్లలు, అందరూ. నేనూ గెంతాను, ఏం చేస్తాం. ఊరవేసిన హెర్రింగ్ చేపలు, సోయికూర (డిల్ ఆకు)తో ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు. వాన కూడా పడింది. మిడ్‌సమ్మర్‌కి వాన పడకపోతేనే ఆశ్చర్యం అన్నారు వాళ్లు.

పెళ్లికాని వాళ్లు ఏడు రకాల పూలు మాట్లాడకుండా కోసి తలగడ కింద పెట్టుకుంటే, కాబోయేవాళ్లు కలలో వస్తారట. ఆ ఇంటి అమ్మమ్మని అడిగాను, మీకెవరొచ్చారని. "ఎవరూ రాలేదు, ఈ వెలుతురులో నిద్ర పడితే కదా" అంది.

వేడుక బాగుంటుంది గానీ, జూన్ అంతా నల్లటి కర్టెన్లు వేసుకుని పడుకోవడం మాత్రం నాకు అలవాటు కాలేదు. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడితే తెలుస్తుంది, వీళ్లు ఈ ఒక్క రాత్రి ఎందుకింత మొండిగా మేలుకుంటారో.

---

లెక్కలపంతులు | జూన్ 21, ఉదయం 7:30

ఇంకో 42 నిమిషాలు. భారత కాలమానం ప్రకారం ఈ ఏడాది అయనాంతం 8:12కి. అది నిజానికి రోజు కాదు, ఒక క్షణం. ప్రపంచమంతటికీ అదే క్షణం, అమెరికాలో ఉన్నవాళ్లకి ఇంకా 20వ తేదీ రాత్రి. ఏటా ఇది ఆరు గంటలకి కాస్త తక్కువగా ఆలస్యమవుతుంది, లీపు సంవత్సరంలో ఒక రోజు ముందుకి వస్తుంది. అందుకే 20, 21, 22 మధ్య దాగుడుమూతలు.

ఉదయపునడక గారూ, అమ్మాయికి ఒక పని. మీటరు కర్ర నిటారుగా నిలబెట్టి మధ్యాహ్నం నీడ కొలవమనండి. మీరు కర్కట రేఖకి దక్షిణాన ఉంటే నీడ దక్షిణం వైపు పడాలి. పుస్తకాల్లో 'జూన్ 21న సూర్యుడు నడినెత్తిన' అని రాసేస్తారు, అది కర్కట రేఖ మీద నిలబడ్డవాళ్లకే. దానికి కింద ఉన్నవాళ్లకి నడినెత్తి ఎప్పుడో దాటిపోయి, ఇవాళ ఉత్తరాన ఉంటాడు. భూమధ్యరేఖ మీదివాళ్లకైతే డిసెంబర్‌తో పాటు ఏడాదిలో మధ్యాహ్నపు సూర్యుడు అన్నిటికంటే కిందికి దిగేది ఇవాళే.

---

ఉదయపునడక | జూన్ 21, మధ్యాహ్నం 12:40

పొద్దున్నుంచీ మబ్బులు. సరిగ్గా 12కి పది నిమిషాలు ఎండ వచ్చింది. చీపురు కర్ర కోసి మీటరు చేశాం, దారానికి తాళంచెవి కట్టి నిటారుగా ఉందో లేదో చూశాం. నీడ 13 సెంటీమీటర్లు. దక్షిణానికి, కాస్త పడమరగా. నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని వాదించిన మా అమ్మాయి మొహం చూడాలి! కానీ పడమరకి ఎందుకు వంగింది?

---

లెక్కలపంతులు | జూన్ 21, మధ్యాహ్నం 12:55

గడియారం 12 మీ మధ్యాహ్నం కాదు కాబట్టి. దేశమంతటికీ ఒకే టైమ్, మీ రేఖాంశం వేరు. మొన్న చెప్పిన, మధ్యాహ్నం రోజూ కొన్ని సెకన్లు వెనక్కి జరగడం కూడా ఉంది. మీ నోట్‌బుక్కులో సూర్యోదయానికీ అస్తమయానికీ సరిగ్గా నడిమి టైమ్ తీయండి, 12:15 దాటి వస్తుంది. ఆ టైముకి పావుగంట ముందు నుంచి ఐదేసి నిమిషాలకి నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టించండి. అన్నిటికంటే పొట్టిది మీ మధ్యాహ్నం. రేపు చేసినా ఫర్వాలేదు, ఈ వారంలో సూర్యుడు ఎక్కడికీ పోడు. మార్చిలో అయితే రోజుకి దాదాపు తన వెడల్పు మేర జరిగిపోయేవాడు, ఇప్పుడు వారం మొత్తానికీ అందులో మూడో వంతు కూడా కదలడు. లాటిన్‌లో అయనాంతానికి పేరే 'సూర్యుడు నిలబడటం'.

---

ఉదయపునడక | జూన్ 22, మధ్యాహ్నం 1:05

చేశాం. తొమ్మిది చుక్కలు, వాటిలో రెండు మబ్బు కొట్టేసింది. అన్నిటికంటే పొట్టి నీడ 11 సెంటీమీటర్లు, నికరంగా దక్షిణానికి.

---

లెక్కలపంతులు | జూన్ 22, మధ్యాహ్నం 1:30

100కి 11 అంటే సూర్యుడు నడినెత్తి నుంచి 6.3 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడు. 23.4లోంచి 6.3 తీసేస్తే 17.1. మీ అక్షాంశం అది. మ్యాప్‌లో సరిచూసుకోండి, ఇక్కడ చెప్పొద్దు.

ఇదే కిటుకుతో క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు భూమి చుట్టుకొలత కట్టాడు. ఈజిప్టులోని సయీన్‌లో అయనాంతం మధ్యాహ్నం సూర్యుడు బావి అడుగున కనిపిస్తాడని విన్నాడు. అదే సమయంలో అలెగ్జాండ్రియాలో నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది. రెండు ఊళ్ల మధ్య 5,000 స్టేడియాలు (అప్పటి గ్రీకు దూరపు కొలత), కాబట్టి భూమి చుట్టూ 2,50,000. అమ్మాయి వాడింది చీపురు కర్ర, అంతే తేడా.

---

మబ్బుచాటు | జూన్ 22, మధ్యాహ్నం 1:34

నేను మా బాల్కనీలో చేశాను. పక్క బిల్డింగ్ నీడ మాత్రమే కొలవగలిగాను.

---

ఉదయపునడక | జూన్ 22, రాత్రి 9:40

మ్యాప్‌లో చూశాం పంతులుగారూ. పావు డిగ్రీ కూడా తేడా లేదు. దాంతో మా అమ్మాయి ఆ చీపురు కర్రని ఎవరూ ముట్టుకోవద్దని గోడకి కాగితం అంటించింది. ఇప్పుడు కొత్త ప్రశ్న: నీడే లేని రోజు మాకు ఎప్పుడొస్తుంది?

---

లెక్కలపంతులు | జూన్ 22, రాత్రి 10:05

ఏడాదికి రెండుసార్లు. ఒకటి మే రెండో వారం మొదట్లోనే అయిపోయింది. సూర్యుడు తిరుగు ప్రయాణంలో మళ్లీ మీ నెత్తి మీదుగా వెళ్లేది ఆగస్టు 4, 5 ప్రాంతంలో.

---

ఉదయపునడక | జూన్ 22, రాత్రి 10:11

క్యాలెండర్‌లో రెండు తేదీలకీ చుట్టు చుట్టేసింది. ఆగస్టులో మబ్బులుంటాయేమోనే అంటే, "ఉంటే మళ్లీ మే ఉంది కదా" అని లైటు ఆర్పేసింది.